పొడవు పగ్గంపై కిశోరాశ్వానికి కాంటర్ గతి శిక్షణ: గమనం, సమతౌల్యం, సంజ్ఞ

వ్యాససంగ్రహం:

స్వారీకి సిద్ధమవుతున్న పడుచు గుర్రాన్ని పొడవైన తాడుపై వలయాకారంగా తిప్పుతూ కాంటర్ అనే మూడు ఘాతాల గతిలోకి తీసుకురావడం అశ్వశిక్షణలో కీలకమైన ఘట్టం. ఈ దశలో జరిగే పొరపాటు గుర్రపు కీళ్ళపైనా, మనిషిపై దానికున్న నమ్మకంపైనా చాలాకాలం నిలిచిపోతుంది. ఆ గతి నిర్మాణాన్ని, వలయంలో గుర్రం ఎదుర్కొనే భౌతిక సమస్యను, శిక్షణా క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. గుర్రపు నడకలను తెలుగులో చెప్పడానికి ఉన్న, లేని పదాల ప్రస్తావన కూడా అవసరమైన మేరకు ఉంటుంది.

కీలకపదాలు: అశ్వశిక్షణ, పంచధారలు, కాంటర్, పొడవు పగ్గం, అగ్రపాదం, వాహ్యాళి, సంజ్ఞ.

1. ఉపోద్ఘాతం:

2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో భారత జట్టు డ్రెసాజ్ విభాగంలో స్వర్ణపతకం గెలుచుకుంది. అశ్వక్రీడలలో భారతదేశానికి 41 ఏళ్ళ తరువాత దక్కిన స్వర్ణం అది. డ్రెసాజ్‌లో న్యాయనిర్ణేతలు చూసేది వేగం కాదు. గుర్రం ఏ గతిలో ఉంది, ఒక గతి నుండి మరొక గతికి ఎంత నెమ్మదిగా, ఎంత స్పష్టంగా మారింది అన్నది. ఆ మార్పులన్నింటికీ పునాది గుర్రం మూడు నాలుగేళ్ళ వయసులో ఉన్నప్పుడు, వీపుపై మనిషి లేకుండా, ఒక తాడు చివర పడుతుంది. పోటీని చూసేవారికి ఈ తొలిదశ కనిపించదు. తెలుగులో దీని గురించి రాసినవారూ అరుదు.

రాయవలసి వచ్చినప్పుడు మొదట ఎదురయ్యే చిక్కు మాటలది. నేటి వాడుక తెలుగులో గుర్రం నడుస్తుంది, పరుగెత్తుతుంది, దౌడు తీస్తుంది. ఇంతటితో జాబితా పూర్తవుతుంది. శిక్షకుడికి మాత్రం 'పరుగు' అన్న ఒక్క మాట చాలదు. ట్రాట్, కాంటర్, గ్యాలప్ అనే మూడు వేర్వేరు గతులు మూడు వేర్వేరు కాళ్ళ క్రమాలు. ఒకదానిని మరింత వేగంగా చేస్తే రెండవది కాదు. ఈ తేడా తెలియనివాడు ట్రాట్‌లో ఉన్న పడుచు గుర్రాన్ని కొరడాతో తరిమి తరిమి కాంటర్ 'తెప్పించాలని' చూస్తాడు. ఈ వ్యాసం చర్చించే పొరపాట్లలో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

2. పదాలు - పూర్వరూపాలు:

ప్రాచీనులకు ఈ పేదరికం లేదు. గుర్రపు గతులు ఐదని, వాటికి 'ధారలు' అని పేరని అమరకోశం చెబుతుంది. ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అనేవి ఆ పంచధారలు. వీటిలో ఏది నేటి ఏ గతికి సరిపోతుందన్న విషయంలో వ్యాఖ్యాతల వివరణలు ఒకే తీరుగా లేవు. ధౌరితకాన్ని ట్రాట్‌గా గ్రహించడానికి అవకాశముంది. వల్గితాన్ని కాంటర్ అనడం మాత్రం ఊహే అవుతుంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్ష ప్రకరణం స్వారీగుర్రాల గతులను మరొక రకంగా విభజిస్తుంది. అందులోని 'నారోష్ట్రం' అన్న భేదం ప్రస్తుత విషయానికి చాలా దగ్గరిది, ఎందుకంటే అది సంజ్ఞను అనుసరించి నడవడానికి పెట్టిన పేరు. గుర్రం ఎలా కదులుతుందన్న దానితోపాటు దేనికి స్పందించి కదులుతుందన్నది కూడా వర్గీకరణలో చోటు సంపాదించుకుంది.

వలయాకార శిక్షణకు సంబంధించి ఇంతకంటె పాత సాక్ష్యం తుర్కియేలోని బొగాజ్‌కోయ్ తవ్వకాలలో దొరికిన మట్టిపలకలలో ఉంది. మితన్నికి చెందిన కిక్కులి అనే అశ్వశిక్షకుడి పేరుతో హిట్టైట్ భాషలో ఉన్న ఆ గ్రంథం క్రీ.పూ. 15-14 శతాబ్దాల నాటిది. రథాశ్వాలను రోజుకు ఎన్ని చుట్లు తిప్పాలో చెప్పే సందర్భంలో అందులో ఐకవర్తన్న, తేరవర్తన్న, పంజవర్తన్న, సత్తవర్తన్న, నవర్తన్న అన్న మాటలు వస్తాయి. ఏక, త్రి, పంచ, సప్త, నవ సంఖ్యలూ 'వర్తన' శబ్దమూ తెలుగు పాఠకుడికి అర్థం చెప్పకుండానే తెలుస్తాయి. 'వర్తనం' అంటే ఇక్కడ ప్రవర్తన కాదు, చుట్టు.

తెలుగులో నేడు సాయంకాలపు షికారుగా మిగిలిన 'వాహ్యాళి' కూడా గుర్రంతో పుట్టిన మాటే. వాహనాలను, ముఖ్యంగా గుర్రాలను నడిపే మైదానం దాని తొలి అర్థం. 12వ శతాబ్దపు చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసంలో 'వాజివాహ్యాళి' ఒక రాజవినోదం. ఉర్దూ ద్వారా వచ్చిన కదం, దుల్కీ, పోయియా, సర్పట్ అన్న గతుల పేర్లలో 'కదం' ఒక్కటే 'కదం తొక్కడం'గా తెలుగులో స్థిరపడింది, అదీ ఇప్పుడు ఊరేగింపులలో మనుషులు తొక్కేదిగా.

ఇక తాడు సంగతి. ఈ తాడుకు ఫ్రెంచివారి పేరు 'లోంజ్', అంటే పొడుగుది. ఆంగ్లేయులు దానిని తీసుకొని ఉచ్చారణ మార్చుకున్నారు. ఆ ఆంగ్ల ఉచ్చారణను యథాతథంగా తెలుగు లిపిలోకి తేవడం సభ్యత దృష్ట్యా కుదిరే పని కాదు కనుక ఈ వ్యాసంలో దానిని 'పొడవు పగ్గం' అనే వ్యవహరించడమైంది. కాంటర్ మాట ఇంగ్లండులోని కాంటర్‌బరీ నుండి వచ్చింది. అక్కడి క్షేత్రానికి గుర్రాలపై వెళ్ళే యాత్రికుల తీరికైన పరుగుకు పెట్టిన పేరు కాలక్రమంలో కుదించుకుపోయింది. పడుచు గుర్రానికి అమరకోశం ఇచ్చిన 'కిశోరం' అన్న మాటను ఇక్కడ స్వీకరించడమైంది. తెలుగులో అది మనుషుల పిల్లలకు బదిలీ అయినా, మొదటి హక్కు గుర్రప్పిల్లదే.

3. కాంటర్ నిర్మాణం:

నడకలో నాలుగు కాళ్ళు ఒకదాని తరువాత ఒకటిగా నేలను తాకుతాయి: నాలుగు ఘాతాలు. ట్రాట్‌లో ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా పడతాయి. అంటే కుడి ముందుకాలితో ఎడమ వెనుకకాలు, ఎడమ ముందుకాలితో కుడి వెనుకకాలు: రెండు ఘాతాలు. రెండు జంటల మధ్య గుర్రం క్షణకాలం గాలిలో ఉంటుంది. ట్రాట్ సౌష్ఠవం గల గతి. కుడి ఎడమలు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు.

కాంటర్‌లో ఈ సౌష్ఠవం ఉండదు. కుడివైపు కాంటర్‌ను తీసుకుంటే, మొదట ఎడమ వెనుకకాలు ఒంటరిగా నేలకు ఆనుతుంది. గుర్రం మొత్తం బరువు ఆ క్షణాన దానిపైనే ఉంటుంది. తరువాత కుడి వెనుకకాలు, ఎడమ ముందుకాలు జంటగా పడతాయి. మూడవ ఘాతం కుడి ముందుకాలిది. ఆ కాలు మిగిలినవాటికంటె ముందుకు చాచినట్లు కనబడుతుంది కాబట్టి దానిని 'అగ్రపాదం' అనవచ్చు. ఆపైన నాలుగు కాళ్ళూ గాలిలో ఉండే నిరాధార క్షణం. ఎడమవైపు కాంటర్‌లో ఇదంతా తిరగబడుతుంది. చూసేవారికి అగ్రపాదమే గతిని ప్రారంభించినట్లు అనిపిస్తుంది గాని అది చివరి ఘాతం. అసలు ప్రారంభం దానికి ఎదురు మూలనున్న వెనుకకాలిది. శిక్షకుడు గుర్తుంచుకోవలసిన విషయాలలో ఇంతకు మించినది లేదు.

సంగీతపరిచయం ఉన్నవారికి నడకను 'తకధిమి'గా, కాంటర్‌ను 'తకిట'గా చెప్పాలనిపిస్తుంది. మొదటిది చక్కగా కుదురుతుంది. రెండవదానిలో ఒక చిక్కుంది. మూడు ఘాతాల తరువాత వచ్చే నిశ్శబ్దాన్ని కూడా లెక్కించాలి. ఆ నిశ్శబ్దం కుంచించుకుపోయినప్పుడు, లేదా మధ్య జంట విడిపోయి నాలుగు చప్పుళ్ళు వినబడినప్పుడు గతి చెడిందని అర్థం. అనుభవజ్ఞులు కళ్ళు మూసుకొని కూడా దీనిని పట్టగలరు.

కంటిచూపుకు ఇది అంత సులభంగా చిక్కదు. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుస కెమెరాలతో పరుగెత్తే గుర్రాన్ని ఛాయాచిత్రాలుగా తీసేవరకు, ముందుకాళ్ళు ముందుకు, వెనుకకాళ్ళు వెనుకకు బారచాచి గాలిలో తేలే గుర్రాన్నే యూరప్ చిత్రకారులు గీస్తూ వచ్చారు. ఆ భంగిమ గుర్రపు పరుగులో ఎక్కడా లేదు. గాలిలో ఉన్న క్షణంలో కాళ్ళు కడుపు కిందకు ముడుచుకొని ఉంటాయి.

మరొక విశేషం శ్వాసకు సంబంధించినది. కాంటర్, గ్యాలప్ గతులలో గుర్రం ఒక అంగకు ఒక శ్వాస చొప్పున తీసుకుంటుంది. అంగ లయ తప్పితే శ్వాస లయ కూడా తప్పుతుంది. బెదిరి, బిగుసుకొని పరుగెత్తే కిశోరం నాలుగు చుట్లకే రొప్పడానికి కారణాలలో ఇదొకటి.

4. వలయం కలిగించే సమస్య:

సరళరేఖపై కాంటర్ చేయడం గుర్రప్పిల్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. పుట్టిన కొద్దిరోజులకే తల్లి వెంట పచ్చికలో చేసి చూపిస్తుంది. కష్టం వలయానిది.

సాధారణంగా పొడవు పగ్గంపై గుర్రం తిరిగే వలయం వ్యాసం 20 మీటర్లు. అంటే చుట్టుకొలత దాదాపు 63 మీటర్లు. కాంటర్‌లో అంగ 3 మీటర్లనుకుంటే ఒక చుట్టుకు ఇంచుమించు 21 అంగలు. సెకనుకు 5 మీటర్ల వేగంతో, అంటే గంటకు 18 కిలోమీటర్లతో తిరుగుతున్న గుర్రం 10 మీటర్ల వ్యాసార్ధంలో పడిపోకుండా ఉండాలంటే శరీరాన్ని లోపలికి సుమారు 14 డిగ్రీలు వంచాలి. వలయాన్ని సగానికి తగ్గించి వ్యాసార్ధం 5 మీటర్లు చేస్తే అదే వేగానికి 27 డిగ్రీలు కావాలి. వేగం వర్గంగా పనిచేస్తుంది కనుక వేగం కొద్దిగా పెరిగినా వంపు చాలా పెరుగుతుంది. మోటారుసైకిలు నడిపేవారికి ఇది తెలిసిన సంగతే, అయితే మోటారుసైకిలుకు కీళ్ళు లేవు. వంగిన శరీరం కింద గిట్ట నేలను సమంగా తాకదు. ఒక అంచు ముందు తాకుతుంది. ఆ ఒత్తిడి గిట్ట నుండి పైకీళ్ళకు పక్కవాటుగా చేరుతుంది.

కిశోరం ఎముకలు అప్పటికి పూర్తిగా గట్టిపడి ఉండవు. ముందుకాలి మోకాలికి పైనున్న ఎముక దిగువ చివర పెరుగుదల ఆగేది సుమారు రెండు, రెండున్నరేళ్ళకు. వెన్నెముకలో ఆ ప్రక్రియ ఐదారేళ్ళ వరకు సాగుతుంది. పందేలలో రెండేళ్ళ గుర్రాలు పరుగెత్తడం లోకంలో ఉన్నదే. అవి పరుగెత్తేది విశాలమైన బాటపై. చిన్న వలయంలో కాదు. కాబట్టి పందెపు గుర్రాల వయసును చూపి, రెండేళ్ళ పిల్లను తాడుపై ఇరవై నిమిషాలు కాంటర్‌లో తిప్పడాన్ని సమర్థించడం సరైన పోలిక కాదు.

5. యూరప్ సంప్రదాయం:

పొడవు పగ్గం నేటి రూపం ప్రధానంగా యూరప్ అశ్వవిద్యాలయాలది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు రచయిత జెనోఫోన్ అశ్వారోహణంపై రాసిన గ్రంథంలో గుర్రాన్ని రెండు వైపులకూ తిప్పడం గురించి, పరుగు ఏ కాలితో ఆరంభం కావాలన్న దాని గురించి సూచనలు ఉన్నాయి. ఫ్రాన్స్ రాజు 13వ లూయీకి స్వారీ నేర్పిన ఆంట్వాన్ ద ప్లూవినెల్ గుర్రాన్ని స్తంభం చుట్టూ తాడుతో తిప్పే పద్ధతిని వాడాడు. అతని బోధనలు మరణానంతరం 1623లో చిత్రాలతో సహా అచ్చయ్యాయి. 18వ శతాబ్దంలో ఫ్రాంస్వా రొబిషోన్ ద లా గెరినియేర్ ముక్కుపట్టా, పొడవు పగ్గం, పొడవు కొరడాలతో పడుచు గుర్రానికి ముందుగా ట్రాట్‌ను స్థిరపరచాలని నిర్దేశించాడు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్ ఆ సంప్రదాయానికి నేటి వారసురాలు. స్తంభం పోయి దాని స్థానంలో మనిషి నిలవడమే ఈ చరిత్రలోని పెద్ద మార్పు. స్తంభం లాగుతుందే గాని వదలలేదు. మనిషి వదలగలడు.

6. కాంటర్‌కు ముందు కావలసినవి:

తొందరపడే శిక్షకులు దాటవేసేది ఈ దశనే. కాంటర్ అడగడానికి ముందు కిశోరానికి పొడవు పగ్గంపై నడక, నిలుపుదల, ట్రాట్ రెండు వైపులకూ వచ్చి ఉండాలి. వచ్చి ఉండడమంటే కొరడా ఆడించినప్పుడు చేయడం కాదు, మాట విన్నంతనే చేయడం. ట్రాట్ నుండి నడకకు, నడక నుండి ట్రాట్‌కు నాలుగైదుసార్లు తల ఎగరేయకుండా మారగలిగితే దానికి శరీరంపై అదుపు వచ్చిందనుకోవచ్చు.

పరికరాలు కొద్దివే. ముక్కుపై మెత్తని దిండుతో, నడుమ ఉంగరం ఉన్న ముక్కుపట్టా. ఏడెనిమిది మీటర్ల పగ్గం. దానికి తగిన పొడవు కొరడా. గుర్రం కాళ్ళకు రక్షణగా పట్టీలు. పగ్గాన్ని నోటిలోని కళ్ళేనికి తగిలించడం లేతనోటికి మంచిది కాదు. వలయంలో లాగుడు ఎప్పుడూ ఒకవైపే ఉంటుంది కాబట్టి ఇనుము నోటిలో అడ్డంగా జారుతుంది. మనిషికి చేతి తొడుగులు, శిరస్త్రాణం తప్పనిసరి. పగ్గాన్ని చేతికి చుట్టుకోవడం ఎంత అనుభవజ్ఞుడికైనా నిషిద్ధం. మడతలు వేసి అరచేతిలో పట్టుకోవాలి. అర టన్ను జంతువు ఒక్కసారి దూకితే చుట్టు బిగిసి వేళ్ళు తెగే ప్రమాదముంది. నేల మెత్తగా, జారకుండా ఉండాలి. తడిసిన నల్లరేగడి, రాతినేల రెండూ పనికిరావు.

శిక్షకుడి స్థానం త్రిభుజపు శిఖరం వంటిది. పగ్గం ఒక భుజం, కొరడా మరొక భుజం, గుర్రం శరీరం మూడవ భుజం. శిక్షకుడు గుర్రపు భుజానికి వెనుకగా ఒక అడుగు జరిగితే అది ముందుకు సాగమన్న సూచన, ముందుగా జరిగితే నెమ్మదించమన్న సూచన. ఈ అడుగు ప్రభావం కొరడా కంటె ఎక్కువ. తెలియకుండా గుర్రపు తలకు ఎదురుగా జరుగుతూ, అదే సమయంలో కొరడాతో పొమ్మంటున్న శిక్షకుణ్ణి చూసి గుర్రం ఆగి నిలబడితే దానిని మొండితనం అనరాదు. రెండు ఆజ్ఞలలో ఒకటి పాటించింది.

7. మొదటి కాంటర్:

మొదటి పది నిమిషాలు నడకకు, ట్రాట్‌కు. ట్రాట్ సమంగా, చురుగ్గా ఉండాలి గాని వేగంగా ఉండకూడదు. ఇక్కడ ఒక విరోధాభాసం కనిపిస్తుంది. కాంటర్ ట్రాట్ కంటె వేగమైన గతి కాబట్టి ట్రాట్‌ను వేగవంతం చేస్తే అందులోకి చేరుకుంటుందని తోస్తుంది. నిజానికి వేగం పెరిగినకొద్దీ గుర్రం బరువు ముందుకాళ్ళ మీదకు ఒరుగుతుంది. కాంటర్ మొదటి ఘాతానికి కావలసినదేమో బరువును ఒంటరిగా మోయగల వెనుకకాలు. పరుగు ట్రాట్‌లో ఆ వెనుకకాలు శరీరం కిందకు రావడానికి వ్యవధి దొరకదు. చివరకు గుర్రం కాంటర్‌లోకి 'పడిపోతుంది', ఎక్కదు.

అందువలన శిక్షకుడు ట్రాట్‌లో ఉన్న గుర్రాన్ని పగ్గం కొద్దిగా కుదించి 15 మీటర్ల వలయంలోకి రప్పిస్తాడు. ఒకటి రెండు చుట్ల తరువాత పగ్గం వదులుతూ వలయాన్ని పెద్దది చేస్తాడు. బయటికి జరిగేటప్పుడు గుర్రం లోపలివైపు తేలికపడుతుంది. బయటి వెనుకకాలు నేలను గట్టిగా తొక్కుతుంది. అడగవలసిన సమయం అదే. ఇంకా సూక్ష్మంగా చెప్పాలంటే, ట్రాట్‌లో లోపలి ముందుకాలు గాలిలో ముందుకు సాగుతున్నప్పుడు దాని జంట అయిన బయటి వెనుకకాలు కూడా గాలిలో ఉంటుంది. అది నేలను తాకడానికి ముందే సంజ్ఞ చేరితే, తాకిన ఆ అడుగే కాంటర్ మొదటి ఘాతం కాగలదు. ఆలస్యమైతే తరువాతి అంగకు ఆగాలి. కొత్తవారికి ఇంత నిశితంగా కుదరదు. లోపలి ముందుకాలిని చూస్తూ ట్రాట్ లయను పైకి లెక్కపెట్టడం సాధనకు ఉపయోగపడుతుంది.

సంజ్ఞలో మాట ముందు, కొరడా తరువాత. 'కాన్-టర్' అని రెండవ అక్షరాన్ని పైకి ఎత్తి పలకాలి. ఒక క్షణం ఆగి, అవసరమైతేనే కొరడా కొసను వెనుకకాలి వైపు లేపాలి. కొట్టవలసిన పని లేదు. ఈ క్రమానికి కారణం ఉంది. మాట తరువాత కొరడా వస్తుందని గుర్రం గ్రహించినప్పుడే మాట ఒక సూచన అవుతుంది. కొరడా ముందు వచ్చి మాట తరువాత వస్తే ఆ మాట గుర్రానికి ఎన్నటికీ అర్థం ఏర్పడని చప్పుడు. ఆజ్ఞ ఏ భాషలో ఉన్నా గుర్రానికి పట్టింపు లేదు. స్వరం ఎగువకా దిగువకా, పొడవా పొట్టా అన్నదే దానికి భాష. 'ఆ…గు' అని దిగువకు సాగదీసిన తెలుగు మాట ఏ ఆంగ్ల ఆజ్ఞకూ తీసిపోదు. ఒక గుర్రానికి ఇద్దరు శిక్షకులు రెండు రకాల స్వరాలు వాడితేనే చిక్కు.

గుర్రం కాంటర్‌లోకి ఎక్కిన మరుక్షణం కొరడా దిగిపోవాలి, చేయి మెత్తబడాలి. ఒత్తిడి తొలగడమే దానికి 'ఇదే అడిగింది' అన్న సమాధానం. నాలుగైదు అంగల తరువాత అది తనంతట తాను ట్రాట్‌కు దిగిపోతే పోనివ్వాలి. అది ఓటమి కాదు. ఇంకా బలం లేదు. ట్రాట్‌ను సమపరచి, మెచ్చుకొని, మళ్ళీ అడగాలి. మొదటిరోజు ఒక్కొక్క వైపు అర చుట్టు రెండుసార్లు వస్తే చాలా ఎక్కువ. ఒక చుట్టు నిలకడగా రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. మొత్తం పాఠం 15 నుండి 20 నిమిషాలు మించకూడదు. రోజూ చేయడం కంటె వారానికి రెండు మూడుసార్లు చేసి, మిగిలిన రోజులు పచ్చికలో వదలడం మేలు.

అడిగే క్షణంలో పగ్గాన్ని లోపలికి లాగడం అతి సామాన్యమైన దోషం. పారిపోతుందేమోనన్న భయంతో చేయి తనంతట తానే బిగుస్తుంది. తల లోపలికి వస్తే భుజం బయటికి జారుతుంది, సమతౌల్యం తప్పుతుంది, గుర్రం బయటి కాలిని అగ్రపాదం చేసుకుంటుంది. అప్పుడు తప్పు గుర్రానిదిగా కనిపిస్తుంది.

8. తప్పు అగ్రపాదం, తెగిన కాంటర్:

వలయం కుడివైపుకైతే కుడి ముందుకాలు అగ్రపాదం కావాలి. ఎడమది అయితే గుర్రం వంపులో తన కాళ్ళమీద తానే తడబడుతుంది. ఇంతకంటె ఇబ్బందికరమైనది ముందుకాళ్ళు ఒకవైపు కాంటర్, వెనుకకాళ్ళు మరోవైపు కాంటర్ చేయడం. దీనిని 'తెగిన కాంటర్' అనవచ్చు. దూరం నుండి చూస్తే నడుము దగ్గర గుర్రం రెండు ముక్కలై, ముందరి గుర్రం ఒకటి, వెనుక గుర్రం ఒకటి పరుగెత్తుతున్నట్లుంటుంది.

రెండింటికీ చికిత్స ఒకటే: కోపం లేకుండా ట్రాట్‌కు దించడం, రెండు చుట్లు సమపరచడం, మళ్ళీ అడగడం. తప్పు కాంటర్‌లోనే తిప్పుతూ పోతే తప్పే అలవాటవుతుంది. గద్దించి ఆపితే 'కాంటర్ చేసినందుకు గద్దించారు' అని గుర్రం గ్రహిస్తుంది, ఎందుకంటే ఏ కాలు ముందున్నదన్న భేదం దాని దృష్టిలో లేదు. మైదానం మూల దగ్గర, కంచె బయటివైపు ఉన్నచోట అడిగితే చాలా కిశోరాలు సరైన కాలితోనే ఎక్కుతాయి. ఇంకా కుదరకపోతే వలయంలో ఒకచోట నేలపై ఒక కర్రను అడ్డంగా ఉంచి, దానిని దాటే అడుగులో మాట ఇవ్వడం మరొక ఉపాయం.

మనుషులలో కుడిచేతివాటం, ఎడమచేతివాటం ఉన్నట్లే గుర్రాలకూ ఒకవైపు తేలిక. కష్టమైన వైపు సాధన ఎక్కువసేపు చేయించాలని శిక్షకునికి అనిపించడం సహజం. అలసిన కండరంతో నేర్చుకున్నది నిలవదు. తేలికైన వైపు మొదలుపెట్టి, కష్టమైన వైపు కొద్దిసేపు చేసి, మళ్ళీ తేలికైన వైపు ముగించడం కిశోరం మనసుకు మంచిది.

9. పక్క పగ్గాల వివాదం:

నడుముపట్టా నుండి నోటి కళ్ళేనికి రెండువైపులా బిగించే పక్క పగ్గాలను మొదటి కాంటర్‌లో వాడాలా వద్దా అన్నది శిక్షకుల మధ్య తెగని తగవు. వాడాలనేవారి వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. అవి మెడ పక్కకు విరగకుండా కాపాడతాయి, గుర్రం తల ఎగరేసి వీపును గుంట చేసుకోకుండా ఆపుతాయి. అయితే కాంటర్‌లో గుర్రపు తల, మెడ ప్రతి అంగకూ కిందికీ పైకీ ఊగుతాయి. బరువు సర్దుకోవడానికి దానికున్న సాధనం అదే. తీగపై నడిచే గారడీవాని చేతిలోని గడవంటిది మెడ. ఆ గడను కట్టివేసి తీగపై నడవమనడం న్యాయం కాదు. ట్రాట్‌లో అలవాటైన పక్క పగ్గాలను సైతం తొలి కాంటర్ పాఠాలలో విప్పివేయడం, లేదా మెడ చాచడానికి అడ్డురానంత పొడవుగా వదలడం ఉచితం. సమతౌల్యం వచ్చిన తరువాత వాటి చర్చ వేరు.

10. నిరాకరణ, నొప్పి:

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళతో నడుస్తుందన్న సామెత తెలుగులో ఉంది. బండివాడికి, బద్ధకపు గుర్రానికి ఆ సామెత సరిపోవచ్చు. కిశోరం విషయంలో అది ఎంతో హాని చేయగలదు. మూడు కాళ్ళతో నడిచే గుర్రానికి చాలా సందర్భాలలో నాలుగవ కాలు నొప్పిగా ఉంటుంది. ఒకవైపు మాత్రమే పదే పదే తెగిన కాంటర్ చేయడం, అడిగినప్పుడల్లా చెవులు వెనుకకు వాల్చి తోక ఝాడించడం, నిన్నటివరకు ఎక్కిన గుర్రం నేడు ఎక్కకపోవడం, కాంటర్ నుండి దిగేటప్పుడు ముందుకు తూలడం - ఇవన్నీ వెనుకకాలి కీళ్ళలోనో, వీపులోనో, గిట్టలోనో బాధకు గుర్తులు కావచ్చు. లాడం బిగువై ఉండవచ్చు, పళ్ళు మారే వయసు కాబట్టి నోటినొప్పి ఉండవచ్చు.

అటువంటప్పుడు శిక్షకుడు చేయదగిన మొదటి పని పాఠం ఆపడం. గట్టినేలపై గుర్రాన్ని సరళరేఖలో నడిపించి, ట్రాట్ చేయించి తల ఊపును గమనించాలి. ముందుకాలి నొప్పి ఉంటే ఆ కాలు నేలను తాకినప్పుడు తల పైకి లేస్తుంది. గిట్టను చేతితో తాకి వేడి చూడాలి. తేడా కనబడితే పశువైద్యుడికి చూపించేవరకు తాడు ముట్టరాదు. ఈ పరీక్షలో ఏమీ తేలకపోతే, అప్పుడు గుర్రానికి అర్థం కాలేదా, భయమా అని ఆలోచించవలసి ఉంటుంది. పాత గుర్రమొకటి పక్కన కాంటర్ చేస్తుంటే చూసి ధైర్యం తెచ్చుకొని ఎక్కే కిశోరాలున్నాయి. ఇంకొన్ని తాడు లేకుండా ఆవరణలో స్వేచ్ఛగా వదిలినప్పుడు మాటకు ఎక్కి, ఆ మాటను తరువాత తాడుపైకి తెచ్చుకుంటాయి.

పాఠం ముగిశాక శ్వాస నెమ్మదించేవరకు రెండు వైపులా నడిపించి, కాళ్ళపట్టీలు విప్పి, నాలుగు కాళ్ళనూ పైనుండి కిందికి తడిమి చూసిన తరువాతనే గుర్రాన్ని శాలకు పంపడం ఆచారం. మరునాటి ఉదయం అదే కాళ్ళను మళ్ళీ చూడాలి. వాపు రాత్రిపూట దిగుతుంది.